లోపలికి వెళ్ళినవాళ్ళ లెక్క

(కొమరోలులో ఒక లెక్కల మాస్టారి పేరిట జరిగిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి మంచితనం గురించి ఈ ఊళ్ళో నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే ఈ సభలో సగం మంది ఉన్నారు. మాస్టారి కుటుంబం నన్ను అడిగింది కూడా అది కాదు. బతికినన్నాళ్ళూ లెక్కలు చెప్పిన మనిషి పేరు మీద జరిగే సభ కాబట్టి, ఈ ప్రాంతపు పిల్లలకు అక్కరకొచ్చే ఒక లెక్క గురించి మాట్లాడమన్నారు. అందుకే ఈ సంగతి ఎంచుకున్నాను.

కొమరోలు, గిద్దలూరు, కంభం, మార్కాపురం నుంచి వెళ్ళి ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఐటీ కంపెనీలో చేరతారు. మూడు నాలుగేళ్ళు గడిచాక వాళ్ళలో కొందరికి ఎంబీఏ చేయాలనిపిస్తుంది. ఒక రాత్రి కూర్చుని పేరున్న బిజినెస్ స్కూలు క్లాస్ ప్రొఫైల్ చూస్తారు. ఇంత స్కోరు, ఇన్ని దేశాలు, ఇంతింత పెద్ద కంపెనీల పేర్లు. తన మార్కులు పక్కన పెట్టుకుని చూసుకుంటారు. దరఖాస్తు పెట్టకుండానే ఆ ఆలోచన మానేస్తారు. వాళ్ళను ఎవరూ వద్దనలేదు. వాళ్ళంతట వాళ్ళే తమ పేరు కొట్టేసుకున్నారు. ఇది నన్ను చాలా కాలంగా బాధపెడుతున్న విషయం. ఆ పేజీని సరిగ్గా చదవడం తెలిస్తే ఇందులో చాలామంది ఆగిపోయేవాళ్ళు కారు. ఇంకొందరు వేరే చోట ఫీజులు కట్టి నష్టపోయేవాళ్ళూ కారు.

క్లాస్ ప్రొఫైల్ అంటే కొత్త తరగతి చేరాక బిజినెస్ స్కూలు ఏటా ప్రకటించే వివరం. ఎంతమంది చేరారు, ఆడపిల్లలు నూటికి ఎందరు, విదేశీయులు ఎందరు, సగటు ఉద్యోగానుభవం ఎంత, డిగ్రీలో ఏం చదివారు, ఏ రంగం నుంచి వచ్చారు, పరీక్షలో స్కోరెంత అన్నవి అందులో ఉంటాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఇటీవలి ప్రొఫైళ్ళలో తరగతికి దాదాపు 930 మంది, ప్రవేశ పరీక్ష అయిన జీమ్యాట్ పాత పద్ధతిలో మధ్యగతం 740, సగటు అనుభవం 5 ఏళ్ళు కనిపిస్తాయి. స్టాన్‌ఫర్డ్ ఒక ఏడాది ప్రొఫైల్లో 738 అని ఉంటుంది. చూసినవాడు రెండూ ఒకటేలే అనుకుంటాడు. కానీ హార్వర్డ్ ఇచ్చింది మధ్యగతం, స్టాన్‌ఫర్డ్ ఇచ్చింది సగటు.

పదో తరగతి పిల్లలూ, సాంఖ్యక శాస్త్రం పాఠంలో ఈ రెండూ మీరు చేసినవే. మధ్యగతం 740 అంటే, జీమ్యాట్ రాసి అక్కడ చేరినవాళ్ళలో సగం మందికి 740 గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చిందని అర్థం. మళ్ళీ చెబుతాను, సగం మందికి. వాళ్ళంతా ఆ గదిలోనే కూర్చుని చదువుకుంటున్నారు. అయినా మనవాడు 710 చేతిలో పెట్టుకుని, 740 దగ్గర గేటు మూసేశారనుకుంటాడు. చాలా స్కూళ్ళు మధ్య 80 శాతం మంది స్కోర్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నాయో కూడా ఇస్తాయి. అందులో కింది అంకె చూడండి. తరగతిలో పదో వంతు మంది దానికన్నా కిందే ఉన్నారు. నన్నడిగితే ఆ పేజీలో ముందు చదవాల్సిన అంకె అదే.

సగటు మనల్ని ఎలా ఏమారుస్తుందో ఈ ప్రాంతంవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1970 ఫిబ్రవరిలో గుంటూరు నుంచి ఒంగోలు, చీరాల వైపును, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి వైపును, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపును తెచ్చి ఒకే జిల్లా చేశారు. అటు సముద్రపు ఒడ్డున తుఫానొస్తే రెండు రోజుల్లో కుండపోత. ఇటు నల్లమల పక్కన కంది ఎండిపోతుంటుంది. రెండూ కలిపి జిల్లా సగటు వర్షపాతం తీస్తే అంకె బాగానే ఉండేది. ఆ అంకెతో కొమరోలు చేను తడిసేది కాదు. అందుకే కరువును మండలాల వారీగా ప్రకటిస్తారు. క్లాస్ ప్రొఫైల్ కూడా జిల్లా సగటు లాంటిదే. మన మండలం అంకె ఏదో అందులో వెతుక్కోవాలి, లేకపోతే అడిగి తెలుసుకోవాలి.

ఇక హారం సంగతి. పైన ఉన్న లవం ఒక్కటే చూసి భిన్నం విలువ చెప్పమంటే మాస్టారు ఒప్పుకునేవారు కారు. ప్రొఫైల్లో మనకు చూపించేది ఎక్కువగా లవమే. తరగతిలో ఇంజనీర్లు నూటికి 25 మంది అని ఉందనుకోండి. దరఖాస్తు పెట్టినవాళ్ళలో ఇంజనీర్లు నూటికి 40 అయితే వాళ్ళకు దారి ఇరుకు. 15 అయితే విశాలం. ఆ రెండో అంకె పేజీలో దొరకడం అరుదు. హార్వర్డ్‌కు ఏటా ఎనిమిది నుంచి పది వేల దాకా దరఖాస్తులు వస్తాయి. స్టాన్‌ఫర్డ్‌కు ఆరు వేలకు పైగా వస్తాయి, సీట్లు నాలుగు వందల చిల్లర. లోపలికి వెళ్ళినవాళ్ళ స్కోర్లు చెబుతారు, వెళ్ళలేకపోయినవాళ్ళవి చెప్పరు. 760 వచ్చీ సీటు రాని వాళ్ళు ఎందరో ఆ పేజీ చూస్తే తెలియదు. కాబట్టి స్కోరు తక్కువైందని మానుకోవడం ఎంత పొరపాటో, స్కోరు వచ్చింది కాబట్టి సీటు వచ్చినట్టేననుకోవడమూ అంతే పొరపాటు. సీటు ఇచ్చినా చేరనివాళ్ళు కూడా ఉంటారు. ప్రొఫైల్ అంటే పిలిచినవాళ్ళందరి లెక్క అనుకోకండి, పిలిస్తే వచ్చి చేరినవాళ్ళ లెక్క అది.

హారం దాస్తే ఏమవుతుందో అమెరికాలో ఒక కోర్టు కేసు చూపించింది. ఫిలడెల్ఫియాలో టెంపుల్ విశ్వవిద్యాలయానికి ఫాక్స్ స్కూల్ అనే బిజినెస్ స్కూలు ఉంది. దాని ఆన్‌లైన్ ఎంబీఏకు యూఎస్ న్యూస్ పత్రిక వరసగా నాలుగేళ్ళు మొదటి ర్యాంకు ఇచ్చింది. 2018 జనవరిలో అసలు సంగతి బయటపడింది. కొత్తగా చేరిన 255 మందీ జీమ్యాట్ స్కోరు ఇచ్చారని పత్రికకు రాసి పంపారు. నిజంగా ఇచ్చింది 50 మంది. ఆ 50 మంది సగటే 255 మంది సగటుగా చెలామణి అయింది. అక్కడి డీన్ మీద కేసు నడిచింది, 2021 నవంబరులో జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది, మరుసటి ఏడాది 14 నెలల జైలు శిక్ష పడింది. అందరూ ఇలా చేస్తారని నేననడం లేదు. నిజాయితీగా ఇచ్చిన ప్రొఫైల్లో కూడా స్కోరు ఇచ్చినవాళ్ళ సగటే ఉంటుంది. పరీక్ష మినహాయింపు తీసుకున్నవాళ్ళు, జీఆర్ఈ అనే వేరే పరీక్షతో వచ్చినవాళ్ళు ఆ అంకెలో ఉండరు. పక్కనే చిన్న అక్షరాల్లో స్కోరు ఇచ్చినవాళ్ళు నూటికి ఎందరో వేసి ఉంటే, ముందు అది చదవాలి.

జీమ్యాట్ రాసేవాళ్ళకు మరో చిక్కు ఉంది. 2023 నవంబరులో కొత్త జీమ్యాట్ వచ్చింది, 2024 జనవరితో పాతది ఆగిపోయింది. పాతదానికి 200 నుంచి 800 వరకు కొలత. కొత్తదానికి 205 నుంచి 805, స్కోర్లన్నీ 5 తో ముగుస్తాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ కొత్తదాంట్లో 645 అంటే పాతదాంట్లో సుమారు 700 స్థాయి. పాత ప్రొఫైల్లోని 740ని ముందు పెట్టుకుని, కొత్త పరీక్షలో వచ్చిన 655 చూసి ఏడ్చే పిల్లలున్నారు. ఒకదాన్ని మూరల్లో, ఇంకొకదాన్ని గజాల్లో కొలిచి పోల్చి దిగులు పడితే ఎలా? స్కోరు చివర సున్నా ఉందా, 5 ఉందా చూడండి. ఏ కొలతో తెలిసిపోతుంది.

మన మార్కుల శాతాలను అమెరికా లెక్కలోకి మార్చుకునే తంటా కూడా చాలామంది పడుతుంటారు. అక్కడి ప్రొఫైళ్ళలో కనిపించే 3.7 లాంటి సగటు, చాలా చోట్ల 4 పాయింట్ల కొలత వాడే కళాశాలల నుంచి వచ్చినవాళ్ళకే సంబంధించింది. జేఎన్‌టీయూలో 68 శాతం వచ్చినవాడు ఆ 3.7 లో లేడు. అతని మార్కులను అతని విశ్వవిద్యాలయం కొలతలోనే చూస్తారు.

ఇప్పుడు మన దేశం సంగతి. మీలో ఎక్కువమంది రాసేది ఐఐఎం సంస్థల ప్రవేశ పరీక్ష క్యాట్. డిగ్రీలో 50 శాతం మార్కులుంటే ఎవరైనా రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 45 చాలు. 2024లో దాదాపు 2 లక్షల 93 వేల మంది రాశారు. 99 పర్సంటైల్ అంటే వందకు 99 మార్కులు వచ్చాయని ఇంట్లో పెద్దవాళ్ళు అనుకుంటారు. రాసినవాళ్ళలో నూటికి 99 మంది మన వెనక ఉన్నారని దాని అర్థం. అంటే ఆ ఏడాది 99 పర్సంటైల్ వచ్చినవాడి ముందు ఇంకా 2,900 మంది ఉన్నారు. పేరున్న ఐఐఎంలు తమ ప్రవేశ విధానంలో కనీస పర్సంటైల్ ప్రకటిస్తాయి. అది దాటితే మన పేరు లెక్కలోకి తీసుకుంటారు, అంతే. ఇంటర్వ్యూ పిలుపు రావడానికి అవసరమయ్యేది దానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది. విదేశీ స్కూళ్ళ దగ్గర మనవాళ్ళు సగటును గేటనుకుని వెనక్కి తగ్గుతారు. ఇక్కడ కనీసాన్ని గేటనుకుని ధీమాగా ఉంటారు. రెండు చోట్లా నష్టపోతున్నది మన పిల్లలే.

పదో తరగతి, ఇంటర్ పిల్లలు ఈ మాట జాగ్రత్తగా వినండి. అహ్మదాబాద్ ఐఐఎం ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు క్యాట్ స్కోరుతో పాటు పది, పన్నెండు తరగతుల మార్కులు, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం కలిపి ఒక లెక్క కడుతుంది. బెంగళూరు ఐఐఎం కూడా పది, ఇంటర్ మార్కులు తీసుకుంటుంది, బోర్డుకూ బోర్డుకూ తేడాను సర్దుబాటు చేస్తుంది. మన ఇంటర్ బోర్డులో మార్కులు ధారాళంగా పడతాయి కాబట్టి 95 శాతం వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. 15 ఏళ్ళ వయసులో ఈ బడిలో మీరు రాసే పరీక్ష, మీకు 22 ఏళ్ళప్పుడు అహ్మదాబాదులో మీ పేరు పక్కన నిలబడుతుంది. తరగతి ప్రొఫైల్లో ఈ పది, ఇంటర్ మార్కుల వరస ఉండదు. ప్రవేశ విధానం పత్రంలో ఉంటుంది. అందుకే ఎవరొచ్చి అడిగినా ముందు ప్రవేశ విధానం చదవండి, ఆ తర్వాతే ప్రొఫైల్ చూడండి అని చెబుతాను.

ఆ విధానం పత్రాల్లోనే ఇంకో సంగతి తెలుస్తుంది. తరగతి ఎలా ఉండాలో సంస్థే నిర్ణయించుకుంటుంది. 2013లో కోళికోడ్ ఐఐఎంలో చేరిన తరగతిలో సగానికి పైగా అమ్మాయిలే. అంతకుముందు ఐఐఎంలలో అలాంటి తరగతి లేదు. ఆ ఏడాది దేశంలో అమ్మాయిలు ఒక్కసారిగా తెలివైనవాళ్ళయిపోలేదు. ప్రవేశాల లెక్కలో వాళ్ళకు, ఇంజనీరింగ్ కాని చదువులవాళ్ళకు అదనపు పాయింట్లు ఇవ్వాలని ఆ సంస్థ అనుకుంది, ఇచ్చింది. ప్రొఫైల్ మారింది. అందుకని ఒక్క ఏడాది పేజీ చూసి సరిపెట్టుకోకూడదు. మూడేళ్ళవి పక్కపక్కన పెట్టి, ఏ అంకె ఎటు జరుగుతోందో చూడాలి. గిద్దలూరులో బీకాం, బీఎస్సీ చదువుతున్న ఆడపిల్లలు ఇంజనీర్లతో నిండిన పాత ప్రొఫైల్ చూసి అది తమ చోటు కాదనుకోవద్దు. ఆ తరగతికి కావలసింది మీలాంటివాళ్ళే కావచ్చు.

మరి మన ఐటీ ఇంజనీరు అబ్బాయి మాటేమిటి? అతనికి నిజం చెప్పాలి. దరఖాస్తులు ఎక్కువ వచ్చే గుంపు అతనిదే. అదే డిగ్రీ, అదే రకం కంపెనీ, అవే నాలుగేళ్ళు. ఆ గుంపులో నిలబడాలంటే సగటు స్కోరు తరచుగా సరిపోదు. హైదరాబాదులోని బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ 2001లో మొదలైంది. ఇప్పుడు మొహాలీతో కలిపి ఏడాదికి ఎనిమిది, తొమ్మిది వందల మందిని తీసుకుంటోంది. ఆ తరగతిలోనూ ఇంజనీర్ల వాటా పెద్దదే. ఐటీ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి తనకూ వస్తుందని ఒకడు ధైర్యం తెచ్చుకుంటాడు. చాలామంది ఉన్నారు కాబట్టి తనను తీసుకోరని ఇంకొకడు భయపడతాడు. ఆ ఒక్క అంకెతో ఇద్దరిలో ఎవరి మాటా తేలదు. తేల్చేది అతను చేసిన పని. నలుగురిని నడిపించాడా, ఏదైనా కొత్తగా నిలబెట్టాడా, ఆ మాట దరఖాస్తులో సూటిగా చెప్పగలడా అన్నదే చూస్తారు.

అమెరికా టెక్ కంపెనీల పగ్గాలు పట్టిన సత్య నాదెళ్ళ, శంతను నారాయణ్ పేర్లు ఇలాంటి సభల్లో తప్పక వినిపిస్తాయి. ఇద్దరూ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివారు, ఇద్దరూ ఇంజనీర్లు. నాదెళ్ళ గారి తండ్రి ఐఏఎస్ అధికారి. కొమరోలు పిల్లలకు వాళ్ళ దారిని మన దారిగా చూపించడం నాకు సమ్మతం కాదు. అయితే నాదెళ్ళ ఎంబీఏ గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఆయన మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో రెడ్‌మండ్ నుంచి షికాగో వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేశారు, 1997లో పూర్తయింది. అందరూ వెతికి చూసేది ఆ స్కూలు పూర్తికాలపు ఎంబీఏ ప్రొఫైల్. ఆయన లాంటివాళ్ళు అందులో ఉండరు. ఉద్యోగం మానుకోలేని ఇంటి బాధ్యతలున్నవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. వాళ్ళు చూడాల్సిన పేజీ వేరు.

అమెరికా ప్రొఫైళ్ళలో కొన్నేళ్ళుగా కొత్త వరస ఒకటి కనిపిస్తోంది. ఇంట్లో మొదటిసారిగా కాలేజీ చదువు చదివినవాళ్ళు ఎందరు అని. పెద్ద స్కూళ్ళలో అది నూటికి పది మంది అటూ ఇటూ ఉంటుంది. తల్లి వేలిముద్ర వేసి, తండ్రి అయిదో తరగతితో ఆపేసి, పొగాకు బేరన్ల దగ్గర పనిచేసి కొడుకును ఇంజనీరును చేసిన ఇళ్ళు ఈ మండలంలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మన పిల్లలు దరఖాస్తుల్లో ఆ సంగతి దాచేస్తారు. అది చెప్పుకోవలసిన విషయం కాదనుకుంటారు. చెప్పుకోవలసినదే. కన్నీళ్ళు పెట్టించమని నేననడం లేదు. అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయండి. తెలుగు మీడియంలో పదిదాకా చదివి, ఇంటర్లో ఇంగ్లిషు పుస్తకాలు పట్టుకుని గట్టెక్కిన మనిషి ఎంత పట్టుదల గలవాడో అంకెలు చెప్పలేవు. మీరు రాయకపోతే వాళ్ళకు తెలిసే దారి లేదు.

డబ్బు గురించి కూడా ప్రొఫైల్ పక్కనే ఒక కాగితం ఉంటుంది, ఉద్యోగాల నివేదిక. అందులో అత్యధిక ప్యాకేజీని పెద్దక్షరాల్లో వేస్తారు. అది ఒక్కరికి వచ్చింది. అప్పు తీర్చే స్తోమత లెక్కగట్టడానికి మధ్యగతం జీతం చూడాలి. అదీ చేతికొచ్చే జీతమా, అన్నీ కలిపిన మొత్తమా చూసుకోవాలి. ఫైనాన్షియల్ టైమ్స్ ర్యాంకుల్లో కనిపించే జీతం, దేశాల మధ్య ధరల తేడాను సర్దుబాటు చేసి డాలర్లలో వేసింది. దాన్ని రూపాయల్లోకి మార్చి బ్యాంకు కిస్తీ లెక్క వేసుకుంటే ఇల్లు మునుగుతుంది. మరోవైపు, ఫీజు అంకె చూసే భయపడి ఆగిపోకండి. 2022లో హార్వర్డ్ అత్యంత అవసరమున్న పదో వంతు విద్యార్థులకు పూర్తి ట్యూషన్ ఫీజు తానే భరిస్తానని ప్రకటించింది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే హామీదారు, తనఖా లేకుండా అప్పు దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో వడ్డీ రాయితీయో అందనివాళ్ళకు 10 లక్షల అప్పు వరకు కిస్తీలు మొదలయ్యే ముందు మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. పొలం కాగితాలు తాకట్టు పెట్టే ముందు బ్యాంకులో ఈ సంగతి అడగండి.

అందరూ చూసే అయిదారు పేర్లే ఎంబీఏ అనుకోవడం కూడా ప్రొఫైల్ సరిగ్గా చదవకపోవడమే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1957 నుంచే ఎంబీఏ ఉంది. విశాఖపట్నం ఐఐఎం 2015లో వచ్చింది. వ్యవసాయం చదివిన పిల్లలకైతే హైదరాబాదు రాజేంద్రనగర్‌లో మేనేజ్ సంస్థ 1996 నుంచి వ్యవసాయ వ్యాపార కోర్సు నడుపుతోంది. అక్కడి తరగతి దాదాపుగా వ్యవసాయం, దాని అనుబంధ శాస్త్రాల పట్టభద్రులదే. అహ్మదాబాద్ ఐఐఎంలోనే ఆహార, వ్యవసాయ వ్యాపారానికి వేరే కోర్సు ఉంది. అమూల్ కురియన్ గారు 1979లో ఆనంద్‌లో పెట్టిన గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మా ఉంది. కంది పంటకు ధర ఎందుకు పడిపోతుందో, బత్తాయి తోట ఎందుకు ఎండుతుందో చిన్నప్పటి నుంచి చూసిన పిల్లవాడు ఆ గదుల్లో కూర్చుంటే, మిగతావాళ్ళు పుస్తకంలో చదివి తెలుసుకునేది అతనికి ముందే తెలిసి ఉంటుంది.

పై చదువులకు వెళ్ళి ఇవాళ సభకు వచ్చిన మన ఊరివాళ్ళను ఒకటి అడుగుతున్నాను. ప్రొఫైల్ చెప్పనివి మీరు చెప్పగలరు. మీ స్కోరెంత, పదిలో మార్కులెన్ని, ఎన్నిసార్లు రాశారు, ఎక్కడ కాదన్నారు, అప్పెంత, కిస్తీ ఎంత, అన్నీ దాచకుండా ఒక కాగితం మీద రాసి హైస్కూలు గ్రంథాలయంలో ఇవ్వండి. పేరు రాయకపోయినా ఫర్వాలేదు. ఇలాంటి ఇరవై కాగితాలు పోగైతే, ఏ విశ్వవిద్యాలయమూ అచ్చువేయని మన మండలం ప్రొఫైల్ మన చేతిలో ఉంటుంది. వాటిని భద్రం చేసే పని మాస్టారి కుటుంబం తీసుకుంటామని చెప్పింది. క్యాట్ ప్రకటన సాధారణంగా జూలై, ఆగస్టుల్లో వస్తుంది, పరీక్ష నవంబరు చివరి ఆదివారం ఉంటుంది. కాబట్టి ఈ పని వచ్చే జూన్ లోపల అయిపోవాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. డిగ్రీ విద్యార్థులు ముందు అడగండి.